పన్నెండున్నర నిమిషాల నీడ

పొద్దున్నుంచీ మబ్బే. శేషాచలం కొండలు సగమే కనబడుతున్నాయి. కాలేజీకి వెళ్లేసరికి ఎం.టెక్. కుర్రాడు గ్రాఫ్ పట్టుకుని నా గది ముందు నిలబడి ఉన్నాడు. మొహం నిండా టెన్షన్.

"కోడ్‌లో ఎక్కడో తప్పుంది మేడమ్. స్పీడు పడిపోయింది, మళ్లీ లేవడంలేదు."

కోడ్ బాగానే ఉంది. సిమ్యులేషన్‌లో అతను కట్టుకున్న నెట్‌వర్క్‌లో డేటా భవనం దాకా భూస్థిర ఉపగ్రహం మీదుగా వస్తుంది. గదిలో దాన్ని పైకప్పు ఎల్‌ఈడీ లైట్లు పంచుతాయి, అదే లైఫై. లైటుకు ఎవరో ఒక్క క్షణం అడ్డొచ్చినట్టు పెట్టాడు, కొన్ని ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పోయాయి. పంపే వైపున్న టీసీపీకి, అంటే డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతికి, నీడ గురించి ఏం తెలుసు? ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ అనుకుని జోరు సగానికి తగ్గించేస్తుంది. 1988లో వాన్ జాకబ్సన్ అనే నెట్‌వర్క్ శాస్త్రవేత్త నేర్పిన జాగ్రత్త అది. అప్పట్లో ఇంటర్నెట్‌ను కాపాడింది కూడా అదే, తిట్టలేం.

బోర్డు మీద లెక్క వేయించాను. ఉపగ్రహం ఎత్తు 35,786 కిలోమీటర్లు. ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి సుమారు 0.6 సెకను. 50 మెగాబిట్ల లింకు నిండుగా ఉండాలంటే 1,500 బైట్ల ప్యాకెట్లు 2,500 దారిలో ఉండాలి. సగానికి దిగితే 1,250. టీసీపీలోని పాత రెనో పద్ధతిలో, వెళ్లి వచ్చే ఒక్కో రౌండుకు ఒక్కో ప్యాకెట్ పెంచుకుంటూ పోతే మళ్లీ 2,500కు చేరడానికి 750 సెకన్లు. ఒక మనిషి నీడకు పన్నెండున్నర నిమిషాలు! కుర్రాడు సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అయితే గేట్‌వేలో బఫర్ పెంచేద్దామా మేడమ్?"

గేట్‌వే అంటే ఉపగ్రహం నుంచి వచ్చిన డేటాను గదిలో లైట్లకు అందించే పెట్టె, బఫర్ అంటే అందులో ప్యాకెట్లు ఆగే చోటు. అందరూ ముందు అనే మాట ఇదే. నీడ పడ్డప్పుడు బఫర్ ఆదుకుంటుంది, కాదనను. నిజంగానే రద్దీ ఉంటే మాత్రం ప్యాకెట్లు అందులోనే పడుంటాయి, అసలే 0.6 సెకను ఆలస్యం మీద ఇంకాస్త చేరుతుంది. పలమనేరు నుంచి వచ్చిన మా పిన్నీవాళ్లు నిన్న విష్ణు నివాసంలో టైమ్ స్లాట్ టోకెన్ తీసుకున్నారు. కొండ మీద కంపార్ట్‌మెంట్లు ఎన్ని కట్టినా దర్శనం వేగం పెరగదు, అందుకే కిందే టైమ్ ఇచ్చి పంపిస్తున్నారు. తిరుపతి పిల్లాడు కదా, వెంటనే అందుకున్నాడు: "అంటే పేసింగ్, ప్యాకెట్లను గుంపుగా తోసేయకుండా ఎడం ఇచ్చి పంపడం!"

తర్వాత డీప్ లెర్నింగ్ అన్నాడు. పోయిన ప్యాకెట్ రద్దీ వల్ల పోయిందా, నీడ వల్ల పోయిందా అన్నది మోడల్ ఊహిస్తుందట. ఇప్పుడు ఏ ప్రాజెక్టుకైనా ఈ పోపు ఉండాల్సిందే. తెలిసినవాళ్లను అడిగితే పోయేదానికి ఊహ ఎందుకు? లైటు తగ్గిన సంగతి రిసీవర్‌లో కాంతిని పట్టే ఫోటోడయోడ్‌కు ఆ క్షణంలోనే తెలుస్తుంది. ఆ కబురు గేట్‌వేకు చేరితే కాసేపు ఆపి, పోయిన ప్యాకెట్లను అక్కడినుంచే మళ్లీ పంపొచ్చు, లేదా వైఫై వైపు మళ్లించొచ్చు. ఉపగ్రహం అవతలున్న సర్వర్‌ను కదిలించే పనే లేదు.

మధ్యాహ్నం ఇంకో కోరిక. నేలకు కూడా కాంతితోనే దింపుదామట. 2018లో శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-29 ఉపగ్రహంలో కాంతి సమాచార పరికరం ఉందని ఎక్కడో చదివాడు. ఉంది, నిజమే. కిటికీలోంచి కొండ చూపించాను. ఆ మబ్బులోంచి లేజర్ రాదు నాయనా, రేడియో ఉండాల్సిందే.

నాకు నిజంగా చిక్కనిపించేది వేరే ఉంది. గేట్‌వే మధ్యలో దూరి టీసీపీని ఉపగ్రహం వైపు ఒకటి, గది వైపు ఒకటిగా రెండు ముక్కలు చేయాలంటే ప్యాకెట్ మీది వివరాల చీటీ, అంటే హెడర్, కనబడాలి. రహస్య సొరంగంలాంటి వీపీఎన్‌లోనూ, టీసీపీకి బదులు వాడే క్విక్ (QUIC) పద్ధతిలోనూ అది ఎన్‌క్రిప్షన్ కింద ఉంటుంది. అప్పుడు లైఫై లింకు స్థాయిలోనే మళ్లీ పంపుకోవడం తప్ప దారి లేదు. రేపు క్విక్‌తో కూడా నడిపి, బఫర్ తగ్గించినప్పుడు ఆలస్యం, పోయిన ప్యాకెట్లు రెండూ ఒకే గ్రాఫ్‌లో గీసుకు రమ్మన్నాను.