గుడ్డముక్కల కోటు

అమెరికాలో కంట్రీ సంగీతానికి పేరుపడ్డ నాష్‌విల్ చుట్టుపక్కల పిల్లల్ని పెంచుతూ, గాయని డాలీ పార్టన్ పాట చెవిన పడకుండా ఉండటం జరగని పని. మా ఇంట్లోకి ఆవిడ పాట కంటే ముందు పుస్తకాలొచ్చాయి. తన నాన్నకి చదవడం రాదన్న బాధతో 1995లో సొంత కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఆవిడ మొదలుపెట్టిన ‘ఇమాజినేషన్ లైబ్రరీ’ నుంచి, మా అమ్మాయికి ఐదేళ్ళు నిండేదాకా నెలకో పుస్తకం ఉచితంగా పోస్టులో వచ్చేది.

నాలుగో క్లాసులో అది ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ (రంగురంగుల కోటు) అనే పాట నేర్చుకొచ్చింది. డాలీ సొంత కథే ఆ పాట. స్మోకీ కొండల్లో పన్నెండుమంది పిల్లలున్న ఇల్లు. చలికి కోటు కొనే స్తోమత లేక అమ్మ గుడ్డముక్కలు అతికి కుడుతుంది, కుడుతూ బైబిల్లో రంగురంగుల కోటు తొడుక్కున్న జోసెఫ్ కథ చెబుతుంది. పిల్ల సంబరంగా తొడుక్కుని బడికెళితే అందరూ నవ్వుతారు. ఈ పాటని డాలీ 1969లో టూర్ బస్సులో కాగితం దొరక్క, తోటి గాయకుడు పోర్టర్ వాగనర్ సూటు తాలూకు డ్రైక్లీనింగ్ రసీదు వెనక రాసిందట. 1971లో విడుదలై కంట్రీ పాటల జాబితాలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. ఇంతకంటే పెద్ద హిట్లు ఆవిడకి చాలానే ఉన్నా, తన పాటల్లో తనకి బాగా ఇష్టమైనది ఇదేనని ఎన్నోసార్లు చెప్పింది.

నాకు ఈ పాట మీద గౌరవం ఒక్క చోట మరీ ఎక్కువ. ఆ పిల్ల కోటు వెనకున్న ప్రేమంతా వాళ్ళకి చెప్పి చూస్తుంది. వాళ్ళకి ఎక్కదు. చివరికి అందరూ మారిపోయి కౌగిలించుకోవడం లాంటిదేం లేదు. మన పిల్లలకి మనం “ధైర్యంగా చెప్పమ్మా, వాళ్ళే అర్థం చేసుకుంటారు” అని నూరిపోస్తాం. అన్నిసార్లూ అర్థం చేసుకోరు. ఆ మాట పిల్లలతో దాచకుండా అనగలగాలి.

ఒంగోలు నుంచి వచ్చి మాతో ఉన్న మా అమ్మ, “ఏమంటోందే ఆ పాట?” అనడిగింది. మా అమ్మాయి వచ్చీరాని తెలుగులో కథంతా చెప్పింది.

“మన బొంత కుట్టినట్టేగా! మరి నవ్వినోళ్ళకి ఏం చెప్పిందే?”

“అమ్మ లవ్‌తో కుట్టిందని చెప్పింది అమ్మమ్మా. వాళ్ళు వినలేదు. నేను కూడా బస్సులో చెప్పా, అమ్మమ్మ కొబ్బరినూనె రాసి జడ వేసిందని. ముక్కు మూసుకున్నారు.”

ఆ సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. అమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని, “రేపట్నుంచి మానేద్దామా తల్లీ?” అంది. అది కాసేపు ఆలోచించింది. జడ రోజూ నువ్వే వెయ్యాలి, నూనె మాత్రం శుక్రవారం సాయంత్రం రాయి, ఆదివారం తలంటు పొయ్యి అంది. అమ్మ సరేనంది.