మా పాప స్టేజీ ఎక్కేదాకా: నా అనుభవం

మా పాపకు డౌన్ సిండ్రోమ్. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉండడం వల్ల పుట్టుకతోనే వచ్చేది ఇది. గుళ్లో దసరాకు పిల్లలు కూచిపూడి ఆడడం చూసిన దగ్గర్నుంచి తనకూ గజ్జెలు కావాలని ఒకటే పట్టు.

నెల్లూరులో మేం మొదట అడిగిన చోట "ఈ పాపకు ఎందుకులేమ్మా" అనేశారు. చాలా బాధేసింది. తర్వాత మూలాపేటలో దొరికిన టీచర్ మాత్రం, డాక్టర్‌కి చూపించి రండి, మొదలుపెడదాం అన్నారు.

ఈ డాక్టర్ సంగతి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. మా పాపకు పసితనంలోనే ఆపరేషన్ అయింది కాబట్టి మళ్లీ ఎకో (గుండె స్కానింగ్) తీయించాం. మెడ గురించి మాత్రం అప్పుడే విన్నాను. వీళ్ల కీళ్లు వదులు. మెడలో అన్నిటికంటే పైనున్న రెండు ఎముకలు కొందరిలో పట్టు తప్పి, వెన్నుపాము మీద ఒత్తిడి పడొచ్చట. పరీక్షించి ఆడొచ్చన్నారు కానీ పిల్లిమొగ్గలు వద్దన్నారు. మెడనొప్పి వచ్చినా, నడక మారినా, చేతుల్లో బలం తగ్గినా వెంటనే ఆపేసి తీసుకురమ్మన్నారు. టీచర్ కూడా తల విసురుగా తిప్పేవన్నీ తీసేశారు.

టీచర్ ఎదురుగా నిలబడి చూపిస్తే పాపకు కుడి ఎడమలు తారుమారయ్యేవి. దాంతో ఆవిడ పాప ముందు అటు తిరిగి నిలబడి ఆడేవారు. మా పాపకు చెబితే ఎక్కదు, చూస్తే ఎక్కుతుంది. "తై హత్ తై హి" అనడానికి నోరు తిరగదు, కాళ్లు మాత్రం తప్పవు. అన్నం ముందు కూర్చున్నా కంచం అంచు మీద వేళ్లతో అదే తాళం. చిటికెనవేలు కాస్త వంకర కాబట్టి అలపద్మం, అంటే విచ్చుకున్న తామరలా వేళ్లు పెట్టే ముద్ర, అందరిలా విచ్చుకోదు. "ఇది తన పువ్వు, ఇలాగే ఉండనీండి" అన్నారు టీచర్. ఆ మాటకు ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

టౌన్ హాల్లో కార్యక్రమం కుదిరాక, నిర్వాహకులు పాపకు రెండు నిమిషాలు చాలన్నారు. ఆడితే ఐటమ్ మొత్తం ఆడుతుంది, లేదంటే లేదు అని టీచర్ తేల్చి చెప్పారు. నాకు ఒకటే టెన్షన్. పాపకు ఆ ఊసే లేదు. ఇంట్లో కాసేపటికే అలిసిపోయి కూలబడే పిల్ల, జనం కనపడేసరికి మెరిసిపోయింది. ఒకచోట అడుగు మరిచిపోయి ఆగింది, తాళం వింది, మళ్లీ అందుకుంది. అయిపోయాక మూడు వైపులా తిరిగి నమస్కారం పెట్టి, చప్పట్లు ఆగేదాకా కదల్లేదు.

డ్యాన్స్ వల్ల పాపకు ఏమైనా మెరుగైందా అని అందరూ అడుగుతారు. కాళ్లకు బలం వచ్చింది, నిజమే. కానీ తను వెళ్లేది అందుకు కాదు. పదిమంది ముందు ఆడడం తనకు ప్రాణం. మిగతా పిల్లల్ని ఎవరూ అడగని ప్రశ్న నా బిడ్డనే ఎందుకు అడగాలి?

ఇప్పుడు తరంగం, అంటే ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే కూచిపూడి ఐటమ్, కావాలంటోంది. చీలమండలు ఇంకా గట్టిపడాలని, ప్రస్తుతానికి టీచర్ నేల మీదే నేర్పిస్తున్నారు. పళ్లెం మాత్రం అప్పుడే కొనిపించేసింది.