నేను మింగింది ఏ మందో

2020 జూన్‌లో ఒక రాత్రి నరసరావుపేట నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావగారూ, కరోనాకి డెక్సా పనిచేస్తుందని మీ ఇంగ్లండు వాళ్ళే తేల్చారట కదా. బాగా చవకంట. రెండు స్ట్రిప్పులు తెచ్చి ఇంట్లో పెట్టుకోమంటారా?"

వద్దన్నాను. ఆక్సిజన్ పెట్టాల్సినంత ముదిరినవాళ్ళకే అది మేలు చేసిందని, జలుబు రాగానే ఇంట్లో కూర్చుని మింగేది కాదని చెప్పాను. "మీకింత ఎలా తెలుసండీ?" అన్నాడు.

ఆ మందుతో నాకు పరిచయం ఉంది. ఉందో లేదో కచ్చితంగా చెప్పలేను, అదే ఇందులో తమాషా. 2018లో రెండు వారాల పాటు నేను మింగింది డెక్సామెథాసోనో, లేక చూడ్డానికి అచ్చం దానిలాగే ఉండి లోపల ఏ మందూ లేనిదో, నాకు తెలియదు. ఇచ్చిన నర్సుకీ తెలియదు. ఆపరేషన్ చేసిన డాక్టరుకీ తెలియదు.

నేను లెక్కల మాస్టారిని. ఇక్కడి బడుల్లో టీచర్ల కొరత వచ్చి మన దగ్గర్నుంచి పిలిచిన రోజుల్లో, 2001లో, లండన్ వచ్చాను. తూర్పు లండన్‌లో ఒక హైస్కూల్లో పదహారేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రిటైరైన మరుసటి సంవత్సరం, మార్చి 1న, మంచు మీద కాలు జారి పడ్డాను. ఆ వారం ఇంగ్లండంతా గడ్డకట్టుకుపోయింది. పేపర్లవాళ్ళు ఆ మంచుకి 'బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్' అని పేరు కూడా పెట్టారు. పాల డబ్బా కోసం వీధి చివరకు వెళ్ళొస్తూ పడ్డాను. తల కుడిపక్క గోడకు తగిలింది. రక్తం రాలేదు, స్పృహ తప్పలేదు, చిన్న బొప్పి కట్టిందంతే. పాల డబ్బా కూడా పగల్లేదు. మా ఆవిడ కొబ్బరినూనె రాసింది. అంతకు రెండేళ్ళ ముందు గుండెకు స్టెంట్ వేయించుకుని, రక్తం త్వరగా గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్ రోజూ వేసుకుంటున్న సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ గుర్తు రాలేదు. వచ్చినా ఏం చేసేవాళ్ళం, బొప్పికి డాక్టరు దగ్గరకు ఎవరు వెళ్తారు?

ఉగాది నాటికి మామూలుగానే ఉన్నాను. పచ్చడిలో వేపపువ్వు తక్కువైందని వంక కూడా పెట్టాను. ఏప్రిల్ రెండో వారంలో పొద్దున్నే తలనొప్పి మొదలైంది. తర్వాత చెప్పు. హాల్లోంచి వంటింట్లోకి నడిచేసరికి ఎడమకాలి చెప్పు వెనకాల ఉండిపోయేది, నాకు తెలిసేది కాదు. "ఏమండీ, ఒక చెప్పుతో తిరుగుతున్నారేంటి?" అని మా ఆవిడ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. చెప్పు వదులైందని కొత్త జత కొన్నాం. అదీ జారింది.

మామూలుగా చూపించుకునే క్లినిక్‌కి వెళ్తే, రిటైరయ్యాక ఇలాంటివి ఉంటాయని, సరిగా నిద్రపొమ్మని చెప్పి పారాసెటమాల్ రాశారు. పడ్డ సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఆరు వారాల కిందటి బొప్పికీ ఇవాళ జారే చెప్పుకీ ముడి ఉంటుందని ఎవరు అనుకుంటారు!

ముడి విప్పింది మా మనవడు. ఆదివారం భోజనాల దగ్గర, "తాతా, పదమూడు ఏడులు ఎంత?" అన్నాడు. వాడికీ నాకూ అది ఆట. నేను వాడి మొహం చూస్తూ ఉండిపోయాను. ప్రశ్న అర్థమవుతోంది, జవాబు ఉండే చోటు కూడా తెలుస్తోంది, అక్కడ మాత్రం ఏమీ లేదు. నలభై ఏళ్ళు ఎక్కాల మీద బతికిన నోరు. మా అమ్మాయి చెంచా కింద పెట్టి, "నాన్నా, రెండు చేతులూ పైకెత్తండి" అంది. కుడిది లేచింది. ఎడమది సగంలో ఆగి మెల్లగా కిందికి దిగింది.

ఆ తర్వాత రెండు రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. ఎమర్జెన్సీలో స్కాన్ తీశారు. పుర్రెకీ మెదడుకీ మధ్య కుడివైపు నెలవంకలాంటి మచ్చ ఉందని, అది నొక్కడం వల్ల మెదడు నడిమిగీత పక్కకు జరిగిందని మా అమ్మాయికి చూపించారు. క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా, అంటే మెదడు పైపొర కింద మెల్లగా చేరిన పాత రక్తం. నాకు బాగయ్యాక ఒక జూనియర్ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది: వయసు పెరిగేకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, దాన్నుంచి పైపొరకు వెళ్ళే సన్నటి సిరలు బిగుసుకుని లాగినట్టు ఉంటాయి, చిన్న దెబ్బకే ఒకటి తెగుతుంది. కారిన రక్తం అక్కడితో ఊరుకోదు. ఒళ్ళు దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది, ఆ పొరలో కొత్తగా పుట్టే రక్తనాళాలు బలహీనమైనవి కాబట్టి మళ్ళీ కారుతుంటాయి. గాయం మానేందుకు ఒళ్ళు చేసే ప్రయత్నమే గాయాన్ని పెంచుతుందన్నమాట. వాపును అణిచే స్టెరాయిడ్, అదే డెక్సామెథాసోన్, ఇస్తే ఈ గొలుసు తెగుతుందేమో అన్నదే అప్పుడు అక్కడ జరుగుతున్న ప్రయోగం. ఎవరికి మందో, ఎవరికి ఉత్త గోళీయో లాటరీలో తేలుతుంది. పేరు డెక్స్-సీఎస్‌డీహెచ్. కేంబ్రిడ్జ్ న్యూరోసర్జన్లు నడిపారు, బ్రిటన్‌లో ఇరవైకి పైగా ఆస్పత్రులు చేరాయి.

రీసెర్చ్ నర్సు కాగితాలు పట్టుకుని వచ్చినప్పుడు నేను మంచం మీదే ఉన్నాను. ఇది ఏ నెల అని అడిగితే "సంక్రాంతి" అన్నానట. అలాంటివాడి సంతకం చెల్లదు. ఇక్కడి చట్టం ప్రకారం దగ్గరివాళ్ళను అడగొచ్చు, అయితే అడిగే ప్రశ్న వేరు. మీకు ఇష్టమేనా అని కాదు, తెలివిలో ఉంటే ఈయన ఏమనేవారు అని.

మా ఆవిడ వద్దే వద్దంది. మా అమ్మాయి మామయ్యకు ఫోన్ చేసింది. వాడు అక్కణ్ణుంచే కేకలు వేశాడట: "అమ్మలూ, మనకెందుకే ఈ ప్రయోగాలు? మన పిడుగురాళ్ళ ఆడాళ్ళ సంగతి మర్చిపోయావా?"

వాడి భయాన్ని నేను ఇవాళ్టికీ కొట్టిపారెయ్యను. 2011లో పిడుగురాళ్ళలో పేద ఆడవాళ్ళను కొద్దిపాటి డబ్బు ఆశచూపి, మందుల పరీక్షలకని హైదరాబాద్ తీసుకెళ్ళారన్న వార్త మా వైపు ప్రతి ఇంట్లో చదివారు. మాకు అది పక్క ఊరు. దానికి ముందు, 2009లో, ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేసిన వ్యవహారం ఉంది. అక్కడ చాలా ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత విచారణలో బయటపడింది. 2010లో కేంద్రం దాన్ని ఆపించింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. ఆ పిల్లల తరఫున సంతకం పెట్టినవాళ్ళలో ఒక్కరైనా "ఈ పిల్ల ఏమనేది, వీళ్ళమ్మ ఏమనేది" అని ఆలోచించి పెట్టారా? మా బామ్మర్ది కేకలో ఉన్నది ఈ ప్రశ్నే. వాడు దాన్ని మందు మీద కోపంగా చెప్పాడు.

మా అమ్మాయి ఆ రాత్రి కారిడార్‌లో కాగితాలన్నీ రెండుసార్లు చదివిందట. తెల్లారి నర్సుతో, "మా నాన్న క్లాసులో పిల్లల చేత వెయ్యిసార్లు నాణెం ఎగరేయించి బొమ్మా బొరుసూ లెక్క రాయించిన మనిషి. ఆయన సరేననే వారు" అని చెప్పి రాసిచ్చింది. ఈ మాట నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. నా గురించి ఎవరైనా చెప్పినవాటిలో నాకు నచ్చినది ఇదొక్కటే.

ఆపరేషన్ చిన్నదే. పుర్రెకు రెండు రంధ్రాలు పెట్టి, లోపల చేరినదాన్ని సెలైన్‌తో కడిగారు. వచ్చింది ఎర్రటి రక్తం కాదు, పాత ఇంజిన్ ఆయిల్ లాంటిదట. మెలకువ వచ్చేసరికి తల పక్కనుంచి సన్నటి గొట్టం, దాని చివర సంచి. రెండు రోజులు కదలకుండా వెల్లకిలా పడుకోమన్నారు. మా ఆవిడ సంచి వైపు చూడకుండా, నా కాళ్ళ దగ్గరే కూర్చునేది.

"ఈ గొట్టం అవసరమా?" అని ఆ జూనియర్ డాక్టరును విసుగ్గా అడిగాను. ఆమె చెప్పింది విన్నాక విసుక్కోవడం మానేశాను. ఒకప్పుడు దీన్ని పెట్టేవాళ్ళు పెట్టేవారు, లేనివాళ్ళు లేదు, ఎవరి అలవాటు వాళ్ళది. 2004 నుంచి 2007 దాకా కేంబ్రిడ్జ్‌లో 215 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. గొట్టం పెట్టిన 108 మందిలో 10 మందికి రక్తం మళ్ళీ చేరి మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది. పెట్టని 107 మందిలో 26 మందికి. ఆరు నెలల్లో చనిపోయినవాళ్ళు కూడా గొట్టం లేని గుంపులోనే ఎక్కువ, దాదాపు రెట్టింపు. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి అనుకున్నదానికంటే ముందే ఆపేశారు. 2009లో అచ్చయింది. అంటే నా తలకు వేలాడుతున్నది ఆ 215 మంది లాటరీలో తేలిన గొట్టం. ఓడిన గుంపులో పడ్డ 107 మంది కూడా ఏమవుతుందో తెలియకుండానే ఒప్పుకున్నారు కదా అని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను. నిద్ర ఎలాగూ పట్టలేదు.

మర్నాడు పొద్దున ఎడమకాలి వేళ్ళు కదిలాయి. మా మనవడు ఫోన్లో అడక్కముందే "తొంభై ఒకటి" అన్నాను. వాడికి ఏమిటో అర్థం కాలేదు. వాళ్ళమ్మ ఏడ్చింది.

నాకు తెలివి కుదిరిందని నమ్మకం కలిగాక ఆ నర్సు మళ్ళీ వచ్చింది. మొదట్నుంచీ అన్నీ చెప్పి, "మీ అమ్మాయి చెప్పింది సరే, ఇప్పుడు మీరు చెప్పండి, వద్దంటే ఈ నిమిషమే ఆపేస్తాం, వైద్యంలో తేడా రాదు" అంది. సంతకం పెట్టాను. వంకరగా వచ్చింది గానీ నాదే.

మందు రెండు వారాలు. మోతాదు మూడేసి రోజులకోసారి ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు మిల్లీగ్రాములుగా దిగుతుంది. నాకు విపరీతమైన ఆకలి. రాత్రి ఒంటిగంటకు లేచి గోంగూర పచ్చడితో అన్నం తిన్న రోజులున్నాయి. నిద్ర లేదు. "ఇది మందే. ఉత్త గోళీకి ఇంత ఆకలా!" అని మా ఆవిడ తేల్చేసింది. నేనూ నమ్మాను. ఫోన్లో నర్సుకు చెబితే, ఆస్పత్రి కూడు నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆకలి ఎక్కువేనని నవ్వింది.

నడక మూడు వారాల్లో సర్దుకుంది. చొక్కా గుండీలకు రెండు నెలలు పట్టింది. టెన్షన్ మాత్రం అంత త్వరగా పోలేదు. ఎవరి పేరైనా ఒక క్షణం గుర్తు రాకపోతే చాలు, మా ఆవిడ చూపు నా ఎడమకాలి మీదకు వెళ్ళేది. వంటింట్లో ఎక్కడున్నా వెళ్ళేది.

బామ్మర్ది డెక్సా గురించి అడిగిన ఆ 2020లోనే, డిసెంబరులో, మా ప్రయోగం ఫలితం వచ్చింది. లాక్‌డౌన్‌లో కూర్చుని పెన్సిల్ పట్టుకుని చదివాను. మొత్తం 748 మంది, లెక్కకు అందినవాళ్ళు 680. మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవాళ్ళు మందు గుంపులో నూటికి 1.7, మందు లేని గుంపులో 7.1. ఇక్కడ ఆగితే డెక్సా గెలిచినట్టే. నేనూ ఒక నిమిషం అలాగే అనుకున్నాను. కానీ వాళ్ళు ముందుగా రాసుకున్న అసలు ప్రశ్న అది కాదు. ఆరు నెలల తర్వాత మనిషి తన పనులు తాను చేసుకునే స్థితికి దగ్గరగా ఉన్నాడా లేదా అన్నది. దానికి జవాబు మందు గుంపులో 83.9, మందు లేని గుంపులో 90.3. తలలో రక్తం తగ్గింది, మనిషి బాగుపడటమూ తగ్గింది. ఇన్‌ఫెక్షన్లు, షుగర్ గొడవలు మందు గుంపులోనే ఎక్కువ. స్కాన్ ఒక్కటే చూసి వైద్యం చేసేవాళ్ళయితే, ఆ మందును మంచిదనుకుని ఇంకా ఎన్నేళ్ళు రాసేవారో! అదే ఏడు, అదే మందు, కరోనాలో ఊపిరి నిలిపింది, ఇక్కడ ఓడింది.

మా ఆవిడ విని, "అయితే మీకు ఉత్తదే ఇచ్చుంటారు, అందుకే బాగున్నారు" అని మాట మార్చేసింది. గోంగూర అన్నం సంగతి గుర్తు చేస్తే వినపడనట్టు వెళ్ళిపోయింది. ఏ గుంపో కనుక్కోమని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది. నేను అడగలేదు.

ఆ 680లో నా గడి నిండింది 2018 అక్టోబరు చివర. పోస్టులో ఫారం వచ్చింది. ఒంటరిగా నడుస్తారా, బజారుకు వెళ్తారా, డబ్బు లెక్కలు మీరే చూసుకుంటారా, ఇదివరకు చేసేవి ఇప్పుడు చెయ్యలేనివి ఏమున్నాయి. "చెయ్యి నొప్పెడుతుందేమో, నేను నింపుతాను, మీరు చెప్పండి" అంది మా ఆవిడ. ఇవ్వలేదు. చివర, ఈ ఫారం నింపింది మీరా, మీ తరఫున ఇంకొకరా అని ఉంది. 'నేనే' దగ్గర గీత పెట్టి కవరు అంటించాను.

వీధి చివర పోస్టు డబ్బా దాకా నడిచి వెళ్ళి వేసొచ్చాను. చలిగా ఉంది, బూట్లు వేసుకోండని వెనక నుంచి అరుస్తూనే ఉంది. చెప్పులతోనే వెళ్ళాను.