మా చిట్టికి కళ్ళు తిరిగాయి

ముందు గమనించింది కళ్ళనే. రెండు నల్లగుడ్లూ మెల్లగా కుడివైపు జారుతున్నాయి, అంతలో చటుక్కున ఎడమకి వచ్చేస్తున్నాయి, మళ్ళీ జారుతున్నాయి. ఆగడమే లేదు. చిట్టి నావైపు చూద్దామనే చూస్తోంది గానీ చూపు నిలవట్లేదు. లేవబోయి కుడివైపు కూలబడింది. మళ్ళీ లేచి, మళ్ళీ అటే పడింది. తల కుడి భుజం మీదకి ఒరిగిపోయి ఉంది. మూతి పక్క నుంచి జొల్లు తీగలా సాగుతోంది.

13 ఏళ్ళ కుక్క. పక్షవాతమే అనుకున్నాం ఇద్దరం. అమ్మ దాని పక్కనే నేల మీద చతికిలబడి, వీపు నిమురుతూ, "ఇంక దాన్ని ఏడిపించకురా" అంది. ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలుసు. వినపడనట్టే ఊరుకుని కారు తాళాలు తీసుకున్నాను.

డాక్టరుగారు ఏమాత్రం హడావిడి పడలేదు. ఆ నిదానం చూస్తే నాకు కాస్త ఒళ్ళు మండింది కూడా. చిగుళ్ళు చూశారు, రంగు బాగానే ఉందన్నారు. జ్వరం చూస్తే 101.5 ఫారన్‌హీట్. మనకైతే దుప్పటి కప్పుకుని పడుకునే జ్వరం, కుక్కకి మాత్రం అది మామూలు వేడే. చెవుల్లో లైటు పెట్టి కర్ణభేరి దాకా పరీక్షగా చూశారు. ఈ మధ్య చెవిలో చుక్కలేమైనా వేశారా, విరేచనాలకని మెట్రోనిడజోల్ వాడారా అని అడిగారు. ఆ మందు డోసు ఎక్కువైనా కుక్కలు ఇలాగే తూలుతాయట. మేం ఏదీ వాడలేదు.

తర్వాత చేసిన పరీక్ష నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నేను చిట్టిని పొట్ట కింద చేతులు పెట్టి నిలబెట్టాను. ఆయన దాని ముందుకాలి పంజాని మడిచి, పైభాగం బల్లకి ఆనేలా తిరగేసి పెట్టారు. పెట్టీ పెట్టగానే చిట్టి దాన్ని తిప్పేసి సరిగ్గా ఆనించుకుంది. నాలుగు కాళ్ళకీ అలాగే చేశారు. నాలుగూ టక్కున తిప్పుకుంది. "తన పాదం ఎలా ఉందో దానికి తెలుస్తోందండి. మెదడులో తేడా వస్తే సాధారణంగా ఇంత చురుగ్గా తిప్పుకోవు. గుడ్లు కూడా పక్కలకే ఆడుతున్నాయి, పైకీ కిందకీ ఆడట్లేదు. లోపలి చెవి గొడవలా ఉంది" అన్నారు.

దీన్ని వెస్టిబ్యులర్ సిండ్రోమ్ అంటారు. మనకి ఉన్నట్టే కుక్కలకీ లోపలి చెవుల్లో సన్నటి వంపు గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం కదిలే తీరుని బట్టే తల ఎటు తిరిగిందో మెదడు పసిగడుతుంది. ఒక చెవి సరిగ్గా కబురు పంపడం మానేస్తే రెండు వైపులా లెక్క కుదరక, తల కదలకపోయినా గిర్రున తిరుగుతోందనే మెదడు నమ్ముతుంది. ముసలి కుక్కల్లో ఏ కారణమూ కనపడకుండానే ఇది ఉన్నట్టుండి వచ్చేస్తుంది. చాలావాటికి 2, 3 రోజుల్లోనే తిరుగుముఖం పడుతుంది, 2, 3 వారాల్లో దాదాపు సర్దుకుంటుంది. జబ్బుకని మందేమీ లేదు. తల తిప్పుడుకి వికారం పుడుతుంది కాబట్టి వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు రోజులకీ మార్పు లేకపోయినా, మగతగా పడిపోయినా, ఫిట్స్ వచ్చినా, గుడ్లు పైకీ కిందకీ ఆడటం మొదలైనా వెంటనే తీసుకురమ్మన్నారు. అప్పుడు మెదడుకి స్కానింగ్ గురించి ఆలోచించాలి. ఇంటికి పంపుతూ ఆయన గట్టిగా చెప్పిన మాట ఒకటే: "ఎత్తుకోకండి."

అదే మా ఇంట్లో యుద్ధమైంది. అది పడబోతుంటే అమ్మ చేతులు ఊరుకోవు. కానీ నిజంగానే, గాల్లోకి లేపిన మరుక్షణం చిట్టి నాలుగు కాళ్ళూ బిగదీసి, గుడ్లు ఇంకా వేగంగా ఆడించేది. తల తిరిగే కుక్కకి నేల ఒక్కటే నమ్మకం, దాన్నీ లాగేస్తే ఇంకేం మిగులుతుంది? అందుకని ఒక పెద్ద తువ్వాలు పొట్ట కిందుగా వేసి, రెండు కొసలూ వీపు మీదుగా పట్టుకుని, కాళ్ళు నేల మీదే ఉండేలా నడిపించాం. నా నడుము సంగతి అడక్కండి.

నున్నటి నేల మీద దాని కాళ్ళు నాలుగు దిక్కులకీ జారేవి. ఇంట్లో ఉన్న కాలిపట్టాలు, నేను కొని ఒక్కరోజూ వాడని యోగా మ్యాట్, అన్నీ వరసగా పరిచి పక్క దగ్గర్నుంచి పెరటి గుమ్మం దాకా బాట వేశాం. మెట్లకి అడ్డంగా కుర్చీ పెట్టాం. రాత్రి లైటు తియ్యలేదు. చెవి చెప్పేది నమ్మలేని కుక్క కళ్ళని ఆసరా చేసుకుంటుంది, చీకట్లో ఆ ఆసరా కూడా పోతుంది. వెలుతురులో నేను నిద్రపోలేకపోయాను, అది మాత్రం గురక పెట్టింది.

నీళ్ళు తాగించడం అన్నిటికంటే కష్టమైంది. గిన్నె కనపడుతుంది, తాగాలనీ ఉంటుంది, మూతి మాత్రం గిన్నె పక్క నేలని తాకుతుంది. వంగితే తల తిరిగి ముందుకి తూలేది. పక్కకి పడుకుని ఉండగా నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే అదో పెద్ద ప్రమాదం. రెండు పక్కలా దుప్పట్లు చుట్టి ఆనించి, రొమ్ము మీద కూర్చోబెట్టి, గిన్నెని గడ్డం ఎత్తుకి తెచ్చి పట్టుకుంటే అప్పుడు నాలుక నీళ్ళకి అందింది. సగం నా మోకాలి మీదే. తిండి కూడా అలాగే, చిన్న ముద్దలుగా చేతిలోంచి. మొదటిరోజు వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

పడుకోవడం కుడిపక్కకే పడుకునేది. ఎడమకి తిప్పితే బెదిరిపోయి దొర్లి మళ్ళీ కుడికే. ముసలి ఎముకలు, ఒకే పక్కన ఉంటే తుంటి దగ్గర, మోచేతుల దగ్గర పుండ్లు పడతాయి. కింద మెత్తగా వేసి, మధ్యమధ్య రొమ్ము మీదకి లేపి కూర్చోబెడుతూ వచ్చాం.

ఫోన్లో సలహాలకేం కొదవ లేదు. ఒకాయన పారాసిటమాల్ అరముక్క వెయ్యమన్నాడు. మనుషుల నొప్పిమాత్రలు కుక్కలకి విషమయ్యే మాట చాలామందికి తెలియదు. విని, సరేనండీ అని పెట్టేశాను.

పనికొచ్చిన ఒక సంగతి చెబుతాను. రోజూ పొద్దున్నే దాని కళ్ళని ఫోనులో కాసేపు వీడియో తీశాను. పక్కనే కూర్చుని చూస్తుంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు, ఎప్పుడూ బాగాలేనట్టే ఉంటుంది. వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూస్తే గుడ్ల ఆట నెమ్మదించడం స్పష్టంగా కనపడింది. అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్ళి తిండి కలుపుకొచ్చింది. చిట్టి ఆ పూట గిన్నె తోసుకుంటూ మరీ తింది.

కళ్ళు నిలిచాక మిగతావి తొందరగానే కుదిరాయి. తువ్వాలు ఆసరా తీసేసినా, గిరగిరా తిరిగి ఆగిన చిన్నపిల్లాడిలా కాళ్ళు ఎడంగా పెట్టి నడిచేది. థైరాయిడ్ తగ్గినా కొన్ని కుక్కలకి ఇలా అవుతుందని డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. అందులో ఏ తేడా లేదు. కొన్నిటికి మళ్ళీ రావచ్చు, వస్తే కంగారు పడకండి అన్నారు. కంగారు పడతాం, ఆయనకీ తెలుసు.

తల మాత్రం కుడికి కాస్త వంగే ఉంది, అలాగే ఉండిపోవచ్చట. దానికేం ఇబ్బంది లేదు, మనం ఏదో వింత చెబుతుంటే వింటున్నట్టుంటుంది అంతే. మెట్ల దగ్గర కుర్చీ తీసేశాం. మ్యాట్లు తీద్దామంటే అమ్మ ఒప్పుకోదు. నా యోగా మ్యాట్ ఇప్పుడు చిట్టిదే. తొక్కితే గుర్రుమంటోంది.