కాజీపేట నుంచి కోట దాకా, సైకిల్‌పై

దసరా సెలవులకు కాజీపేటలో అక్కవాళ్లింటికి వెళ్తే అక్కడో పంచాయితీ నడుస్తోంది. ఇంటర్‌లో చేరిన మా అల్లుడు కాలేజీకి సైకిల్‌పై పోతానంటాడు, అక్క వద్దంటుంది. కాలేజీ పోచమ్మమైదాన్ దగ్గర. "నువ్వే వానితో ఒకసారి పోయి చూసి రారా, తర్వాత మాట్లాడుదాం" అంది. పక్కింట్లో ఇంకో సైకిల్ అడిగి తీసుకుని పొద్దున్నే బయల్దేరాం. ఎలాగూ సెలవే కాబట్టి ఖిలా వరంగల్ దాకా పోయొద్దామనుకున్నాం.

ఫాతిమానగర్ బ్రిడ్జి దగ్గరే నా పని అయిపోయింది. బస్సులో పోయేటప్పుడు అది అంత ఎత్తని ఏనాడూ తెలియలేదు. దిగి నెట్టుకుంటూ పోతుంటే పక్కన పాల క్యాన్ల సైకిలాయన కూడా నెట్టుకుంటూనే వస్తున్నాడు. "తొక్కొచ్చు సార్, కానీ ఎన్కనుంచి లారీ హారన్ కొడితే హ్యాండిల్ వణుకుతది" అన్నాడు.

నిట్ దాటాక రోడ్డు వెడల్పే, కానీ ఆ వెడల్పంతా బండ్లది. హనుమకొండ చౌరస్తా వైపు ఒకచోట ఫుట్‌పాత్ కనిపించి సంతోషపడ్డాను. పది అడుగులు పోగానే ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టీ బండి. నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. ఆ మాట చెప్పగానే మావాడు సైకిల్ ఆపి గట్టును జానతో కొలిచాడు. దాదాపు రెండు జానలు! అప్పుడే తంగేడు పూల సంచి పట్టుకుని వచ్చిన ఒక ముసలమ్మ ఆ గట్టు వైపు చూసి, ఎక్కే ప్రయత్నం కూడా చేయకుండా ఆటోల మధ్యలోంచే నడిచిపోయింది.

వేయిస్తంభాల గుడికి బయటినుంచే దండం పెట్టుకుని భద్రకాళి బండ్ మీదికి మళ్లాం. అక్కడ బాట చక్కగా ఉంది, చెరువు గాలి హాయిగా ఉంది. జనం కార్లలో వచ్చి మరీ నడుస్తున్నారు. హైదరాబాద్‌లో ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, అదీ ఇలాంటిదే. మంచిదే, కాదనను. కానీ పాల క్యాన్లాయనకు కప్పు అక్కర్లేదు, బ్రిడ్జి మీద ఒక మూర జాగా చాలు. నగరాలను సైకిళ్లకు అనువుగా మార్చాలని 2020లో కేంద్రం పెట్టిన సైకిల్స్ ఫర్ ఛేంజ్ పోటీలో వరంగల్ కూడా ఉంది. ప్లాన్ వేసేవాళ్లు ఒక్క రోజు ఇంటినుంచి ఆఫీసు దాకా సైకిల్ తొక్కితే బాట ఎక్కడ తెగిపోతోందో వాళ్లకే తెలుస్తుంది.

ఎంజీఎం జంక్షన్ దాటడానికి పట్టిన టెన్షన్ గురించి అక్కకు చెప్పొద్దని మావాడు ఒట్టు వేయించుకున్నాడు.

స్టేషన్ అవతల అండర్ బ్రిడ్జి దాటి కోటకు చేరాం. రాతికోట ద్వారం నేరుగా ఉండదు. లోపలికి అడుగుపెట్టగానే దారి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. శత్రువుల ఏనుగులు, గుర్రాలు పరుగున దూసుకురాకుండా కాకతీయులు చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు అదే మలుపు దగ్గర ఆటోలు, బైకులు అన్నీ నెమ్మదిస్తున్నాయి. పొద్దుటినుంచి మొదటిసారి మేమిద్దరం పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కాం.

తోరణాల దగ్గర కూర్చున్నప్పుడు అక్క ఫోన్ చేసింది. "ఎట్లుందిరా తొవ్వ?"

"కోటలో మస్తుగుంది."

"కాలేజీ కోటలో లేదు గదరా!"