చీకటి గదిలో పగులు వెతకడం: నా లెవెల్ 2 అనుభవం

డిప్లొమా అయ్యాక శంషాబాద్ దగ్గర విమాన భాగాలు పరీక్షించే ఒక వర్క్‌షాప్‌లో చేరాను. మొన్ననే పెనిట్రెంట్ టెస్టింగ్‌లో (ద్రవం పట్టించి పగుళ్లు వెతికే పరీక్ష) లెవెల్ 2, అంటే సొంతంగా పరీక్షించి ఫలితం చెప్పే అర్హత, పాసయ్యాను. జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ముందు కంటి పరీక్ష ఉంటుంది. కళ్లజోడు ఉంటే ఇబ్బంది లేదు, దగ్గరగా పెట్టిన చిన్న అక్షరాలు చదవగలగాలి, రంగుల తేడా తెలియాలి. కానీ ఎండలో నల్లబడే అద్దాలు మాత్రం పనికిరావు, యూవీ లైట్ కింద కూడా నల్లబడతాయి కాబట్టి. నావి అవే. ఆ సాయంత్రమే వెళ్లి మామూలు అద్దాలు వేయించుకున్నాను.

పని చెప్పడానికి తేలికే. భాగాన్ని జిడ్డు లేకుండా కడిగి, ఆరబెట్టి, పెనిట్రెంట్ ద్రవం పట్టించి కనీసం 10 నిమిషాలు వదిలేస్తే అది పగుళ్లలోకి ఇంకుతుంది. పైపైన ఉన్నది కడిగేసి, ఆరాక తెల్లటి డెవలపర్ పొడి వేస్తే లోపల దాక్కున్న ద్రవాన్ని ఆ పొడి బయటికి లాగుతుంది. చీకట్లో యూవీ లైట్ పెడితే మామూలుగా కంటికి ఆనని పగులు కూడా పసుపు కలిసిన ఆకుపచ్చ గీతలా వెలుగుతుంది.

నేను దెబ్బతిన్నది కడగడం దగ్గర. ప్రాక్టీస్ కోసం సార్ ఒక పాత అల్యూమినియం చక్రం సగం ఇచ్చారు (విమానం చక్రం రెండు సగాలుగా ఉంటుంది, బోల్టులతో బిగిస్తారు). బోల్టు రంధ్రాల చుట్టూ ద్రవం ఇంకా మిగిలిందనిపించి, ఇంకొంచెం, ఇంకొంచెం అని నీళ్లు కొడుతూనే ఉన్నా. లైట్ కింద పెడితే ఒక్క చుక్క లేదు. "పగుళ్లేమీ లేవు సార్" అన్నాను. ఆయన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంత శుభ్రంగా ఎలా వచ్చిందమ్మా?" అన్నారు. పగుల్లోని ద్రవాన్ని కూడా కడిగేశానని అప్పుడు అర్థమైంది. అలా జరిగితే పైన మళ్లీ పూస్తే సరిపోదు, శుభ్రం చేయడం దగ్గర్నుంచి అంతా మొదలుపెట్టాలి.

రెండోసారి యూవీ లైట్‌లో చూస్తూ కడిగి, ఆపాల్సిన చోట ఆపాను. డెవలపర్ వేశాక మూడో రంధ్రం అంచున ముందు ఒక చుక్క కనబడింది. అది మెల్లగా సాగి బియ్యపు గింజంత గీత అయింది. తుడిచి మళ్లీ పొడి వేస్తే అదే చోట మళ్లీ వచ్చింది. ఒళ్లు జలదరించింది, ఎందుకంటే నా మొదటి మాట ప్రకారమైతే ఆ చక్రం బాగున్నట్టే.

ఆ రోజే సార్ అమెరికాలోని సూ సిటీలో జరిగిన విమాన ప్రమాదం గురించి చెప్పారు. 1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 అనే డీసీ-10 విమానంలో తోక దగ్గరి ఇంజిన్‌లో ఫ్యాన్ రెక్కలను పట్టి ఉంచే డిస్క్ గాల్లోనే పగిలిపోయింది. ఆ ముక్కల దెబ్బకు విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. పైలట్లు మిగిలిన రెండు ఇంజిన్ల పవర్ పెంచుతూ తగ్గిస్తూ రన్‌వే దాకా తీసుకురాగలిగారు, అయినా 296 మందిలో 112 మంది చనిపోయారు. ఆ టైటానియం డిస్క్‌ను అంతకుముందు ఏడాదే ఇదే పెనిట్రెంట్ పద్ధతిలో పరీక్షించారు. అప్పటికే పగులు దాదాపు అర అంగుళం ఉండి ఉంటుందని దర్యాప్తులో తేలింది. అర అంగుళం! నేను వెతుకుతున్నవి అందులో సగం కూడా ఉండవు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

పరీక్షల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జనరల్, స్పెసిఫిక్, ప్రాక్టికల్ అని మూడు, ఒక్కోదాంట్లో కనీసం 70, సగటున 80 మార్కులు రావాలి. చదివితే వస్తాయి. ప్రాక్టికల్‌కు మాత్రం రోజూ చేతులు తడవాల్సిందే. ఎడ్డీ కరెంట్, అల్ట్రాసోనిక్ లాంటి వేరే పరీక్షా పద్ధతులు చేయాలంటే దేనికదే మళ్లీ అర్హత తెచ్చుకోవాలి, నాకు తర్వాత ఎడ్డీ కరెంట్ చేయాలనుంది.

పోయిన సోమవారం, పరీక్షించింది నేనేనని వేయడానికి నా పేరు మీద స్టాంపు ఇచ్చారు. ఇప్పుడు చీకటి గదిలోకి వెళ్లాక, ఎంత అర్జెంటని బయట నుంచి కేకేసినా, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఏ భాగాన్నీ చేతిలోకి తీసుకోను.