పిన్ని పచ్చళ్ల సైటు, 14 పేజీల చిక్కు

గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం చేసే మా పిన్నికి మొదటి వెబ్‌సైటును ఒక డెవలపర్ 14 విడివిడి హెచ్‌టీఎంఎల్ పేజీలుగా, అంటే ఏ పేజీ రాత ఆ పేజీ ఫైల్లోనే ఉండేలా, తయారుచేసి ఇచ్చాడు. చూడడానికి ముచ్చటగానే ఉండేది. చిక్కంతా మార్పుల దగ్గరే వచ్చింది. యార్డులో మిర్చి ధర పెరిగినా, నువ్వుల నూనె ప్రియమైనా ఆవకాయ ధర మార్చక తప్పదు. ఆ ఒక్క అంకె కోసం అతనికి ఫోన్ చేసి, అతను తీరిక చేసుకునే దాకా ఆగి, ఈలోగా పాత ధరకు వచ్చిన ఆర్డర్లను నష్టానికే పంపవలసి వచ్చేది. ఒకసారి దుకాణం ఫోన్ నంబరు మారితే 13 పేజీల్లో కొత్తది పడింది, మాగాయ పేజీలో పాతదే ఉండిపోయింది. మాగాయ అడిగేవారు ఎందుకు తగ్గిపోయారో నాలుగు నెలల దాకా ఎవరికీ అంతుపట్టలేదు.

నిరుడు ఆ సైటును నేను వర్డ్‌ప్రెస్‌లోకి మార్చాను. కోడు రాయకుండానే సైటులోని రాతను మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేరు అది. ఇలాంటివాటిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టంలు అంటారు. డ్రూపల్, జూమ్లా వంటివీ ఉన్నాయి గానీ, 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ తెలిసినవారు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు కాబట్టి రేపు నేను అందుబాటులో లేకపోయినా పిన్ని పని ఆగదు. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టంలో అసలు కిటుకు ఏమిటంటే, రాత, ధరలు ఒక డేటాబేసులో ఉంటాయి, పేజీ రూపురేఖలు థీమ్‌లో ఉంటాయి, ఎవరైనా పేజీ తెరిచినప్పుడు ప్రోగ్రాం ఆ రెంటినీ కలిపి చూపిస్తుంది. అందువల్ల ఫోన్ నంబరు ఇప్పుడు ఒక్కచోటే ఉన్నది. అక్కడ మారిస్తే అన్ని పేజీల్లోనూ మారుతుంది. మాగాయకు మళ్లీ అన్యాయం జరిగే వీలు లేదు.

నాకు అన్నిటికంటే నచ్చినది ఎవరికి ఎంత అధికారం ఇవ్వాలో మనమే నిర్ణయించుకోగలగడం. దుకాణంలో లెక్కలు రాసే అమ్మాయికి కంట్రిబ్యూటర్ హోదా ఇచ్చాము. కొత్త పచ్చడి గురించి ఆమె రాసి పెడుతుంది, ఎడిటర్ హోదాలో ఉన్న పిన్ని చదివి సరేనన్నాకే అది బయటకు వెళుతుంది. కంట్రిబ్యూటర్ హోదాలో ఉన్నవారు ఫోటోలు ఎక్కించలేరన్న సంగతి మొదటి వారంలోనే తెలిసివచ్చింది. ఇప్పుడు ఆ పని మా తమ్ముడు చూసుకుంటున్నాడు. వాడే ఒక రాత్రి అమెరికాకు పార్సిళ్లు పంపే నియమాల పేరా మొత్తం పొరపాటున చెరిపి సేవ్ చేశాడు. పాత రోజుల్లో అయితే మళ్లీ కూర్చుని రాయించవలసిందే. సేవ్ చేసిన ప్రతి మార్పుకూ ముందరి ప్రతిని వర్డ్‌ప్రెస్ దాచి ఉంచుతుంది కాబట్టి రెండు నిమిషాల్లో పేరా తిరిగి వచ్చింది.

తెలుగులో రాసేవారికి మరో రెండు మాటలు చెప్పాలి. పిన్ని దగ్గరున్న కరపత్రాలన్నీ అను ఫాంట్లలో టైపు చేసినవి. వాటిని అతికిస్తే తెరమీద గజిబిజి అక్షరాలే కనిపించాయి, ఏ ఫోనైనా, కంప్యూటరైనా చదవగల యూనికోడ్ పద్ధతిలోకి మార్చాకే వెతికేవారికి దొరికే తెలుగు అయింది. అలాగే పేజీ చిరునామాను తెలుగులోనే ఉంచితే, దాన్ని కాపీ చేసినప్పుడు మన లిపిలోని ప్రతి అక్షరమూ, గుణింతపు గుర్తూ తొమ్మిదేసి గుర్తులుగా విడిపోయి, వాట్సాప్‌లో పంపేసరికి చాంతాడంత అవుతుంది. అందుకే చిరునామాలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను.

ఖర్చు లేదని చెప్పను. సాఫ్ట్‌వేరు ఉచితమే అయినా సైటును ఉంచే సర్వరు చోటుకు (హోస్టింగు), సైటు పేరుకు (డొమైను) ఏటా కట్టాలి. దానికంటే పెద్ద బాధ్యత అప్‌డేట్లది: నెలల తరబడి పట్టించుకోని పాత ప్లగిన్ (సైటుకు అదనపు సౌకర్యం చేర్చే చిన్న ప్రోగ్రాం) సైటులోకి దొంగలకు దొడ్డిదారి అవుతుంది. అవసరం లేని ప్లగిన్లు తీసేశాను, వారానికొక బ్యాకప్ సైటు ఉన్న సర్వరులో కాక వేరేచోట పడేలా ఏర్పాటు చేశాను. ధరలు పిన్ని తన ఫోనులోనే మార్చుకుంటున్నది. అప్‌డేట్ బటన్ కనిపిస్తే మాత్రం నొక్కడానికి భయపడి ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తుంది.